పాటకూ పాటకూ నడుమ

ఆళ్లగడ్డ,
14 జూలై 1991

శ్రీలతా,

నంద్యాల బస్టాండులో నువ్వు చెయ్యి ఊపుతూ నిలబడినప్పుడు ఏడవకూడదనే అనుకున్నాను. శిరివెళ్ల వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీట్లో పెద్దామె ఓపిక పట్టి పట్టి, "యెవురు పోయినారు బిడ్డా?" అని అడిగింది. "యెవురూ పోలేదవ్వా, కాలేజీ అయిపోయింది" అన్నాను. "దానికా!" అని మొహం అటు తిప్పుకుంది.

ఇక్కడ మిషన్ బడిలో నాకు ఒకటో తరగతి ఇచ్చారు. నాయన అదే బడిలో ఐదో తరగతికి చెబుతాడు కాబట్టి పిల్లలకు నేను లూదియా టీచరును కాను, "మత్తయి సారు కూతురు టీచరు"ను.

అసలు సంగతి వేరే ఉంది. మేము ఇల్లు మారాం. నాయన గాలి చూశాడు, వెలుతురు చూశాడు, బావిలో నీళ్లు తాగి చూశాడు. వెనక గోడకు అవతల ఏముందో మాత్రం చూడలేదు. సామాను దించిన మధ్యాహ్నం తెలిసింది, అది సినిమా హాలని. మీరంతా సినిమాకు పోతుంటే నేను హాస్టల్లో కూర్చున్నది ఎవరి మాట కోసమో నీకు తెలుసు కదా. అలాంటి నాయన బైబిలు తెరిచేసరికి అవతల డప్పులు మొదలయ్యాయి. కాసేపు గోడ వంక చూసి, "గోడలకు చెవులుంటాయంటారు. నోరు గూడా ఉంటాదని ఈడికొచ్చినాకే తెలిసె" అన్నాడు. మళ్లీ ఇల్లు మారే ఓపిక ఆయనకు లేదు.

మాటలు సరిగ్గా వినపడవు, ఎవరో దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంటుంది. పాటలంటావా, అవి ఎటూ రేడియోలో వచ్చేవే. నాకు పిచ్చి పట్టించింది పాటకూ పాటకూ నడుమ వచ్చే సంగీతం. దాన్ని ఏమంటారో కూడా నాకు తెలియదు. ఇప్పుడు ఆడుతున్నది ఏదో రైలు సినిమా. ఇంటర్వెల్‌కు కాస్త ముందు ఒక వేణువు ఒంటరిగా మొదలవుతుంది. వెతుక్కుంటున్నట్టు, దొరకనట్టు ఉంటుంది. తర్వాత వయొలిన్లు దాని వెనకే మెల్లగా వస్తాయి, కానీ కలవవు. రోజూ ఆ టైముకు చాట పట్టుకుని పెరట్లో కూర్చుంటున్నాను. మా అమ్మ ఉండి ఉంటే కనిపెట్టేది, నాయన మాత్రం నాకు పనిమీద శ్రద్ధ పెరిగిందనుకుంటున్నాడు.

ఆ సినిమా నంద్యాలలో ఆడుతోందా? ఆడుతుంటే చూసి చెప్పవే. ఆ వేణువు వస్తున్నప్పుడు తెర మీద ఏం జరుగుతోంది?

నీ
లూదియా


నంద్యాల,
2 ఆగస్టు 1991

లూదియా టీచరు గారికి,

నీ వేణువు కోసం మా అన్నను బతిమాలి బామాలి చూసిన సినిమానే మళ్లీ చూశాను. వాడు "మొన్ననే గదా చూసింటివి, ఏముండాదిమే అందులో?" అంటాడు. వేణువుందని చెబితే వీపు మీద ఒకటి వేసేవాడు.

నువ్వు నమ్మవు. ఆ చోట ఏమీ జరగదు. కోడలు పిల్ల వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తుంటుంది. అంతే. మొదటిసారి చూసినప్పుడు నేను అప్పుడే శనక్కాయల పొట్లం విప్పాను, నాకు బాగా గుర్తు. ఈసారి నువ్వు చెప్పావు కదా అని చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల మిరపకాయలు పరుస్తూ పరుస్తూ మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలేసింది. రైల్లో పోయిన మొగుడు రోజూ అక్కడ కూర్చుని బూటు తొడుక్కునేవాడు. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మా అన్న నావైపు చూసి, "మిరపకాయల ఘాటు ఈడికొచ్చిందా?" అన్నాడు.

దాన్ని రీరికార్డింగు అంటారట. సినిమా అంతా తీశాక, బొమ్మ చూస్తూ వాయిస్తారట. మా వీధిలో బ్యాండు మేళం వాళ్లను అడిగి తెలుసుకున్నాను.

నువ్వు విను, నేను చూస్తాను. ఇద్దరికీ కలిపి ఒక సినిమా అవుతుంది.

శ్రీలత


ఆళ్లగడ్డ,
9 జూన్ 1993

పెళ్లికూతురా,

మీ పెళ్లిలో తిన్న పోళీలు ఇంకా అరగలేదు. మహేశ్వర్ గారు మంచిమనిషిలాగే ఉన్నాడు. విత్తనాల కంపెనీలో పనిచేసే మనిషికి ఓపిక ఉంటుందని నాయన అంటున్నాడు.

పెళ్లయిన మర్నాడు అందరినీ సినిమాకు తోలుకుపోతానని మహేశ్వర్ గారు అన్నప్పుడు నేను రానన్నాను. నువ్వు చెయ్యి పట్టి లాగావు, వచ్చేశాను. జీవితంలో మొదటి సినిమా. అదీ మా గోడ వెనక నెల పైన ఆడిన ఏనుగుల సినిమా. దాని సంగతి నీకు అక్కడ చెప్పలేకపోయాను, అందరూ ఉన్నారు.

అందులో సారంగిలాంటిదేదో మూలుగుతూ వచ్చే చోటు ఒకటుంది కదా, సినిమా మొత్తానికి నాకు ప్రాణం అది. గోడ ఇవతల కూర్చుని నేనొక అడవి కట్టుకున్నాను. వాన వెలిసింది, ఆకుల మీంచి నీళ్లు జారుతున్నాయి, ఒక ముసలి ఏనుగు గుంపునుంచి విడిపోయి వెనక్కి చూస్తోంది. తెర మీద చూస్తే ఏముంది? హీరో మోటారు సైకిలు తుడుస్తున్నాడు! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇంటికి రాగానే నాయనకు చెప్పేశాను. దాచిపెట్టి ఆయన ఎదురుగా అన్నం తినలేను. చేతిలో బైబిలు మూసి పక్కన పెట్టాడు. తర్వాత, "ఎట్లుండె?" అన్నాడు.

"సంగీతం బాగుండె నాయనా. బొమ్మ లేకపోయినా జరుగుతుంది."

"అయితే ఇంట్లోనే కూచుని విను. టికెట్టు దేనికి?" అన్నాడు. కోపమో పరాచికమో తెలియలేదు. ప్రార్థనలో మాత్రం నా పేరు రెండుసార్లు వచ్చింది.

నువ్వు మాత్రం చూడటం ఆపకు. నేను కట్టుకున్నది తప్పయితే నువ్వు చెప్పాలి కదా.

లూదియా


నంద్యాల,
20 ఫిబ్రవరి 1996

లూదియా,

నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయలేకపోయాను, ఏమీ అనుకోకు. పాప నందిని బాగుంది. నడుస్తోంది. మా అత్త సరోజమ్మకు మోకాళ్ల నొప్పులు. మహేశ్వర్‌కు తిరుగుడు ఎక్కువైంది. సినిమాలకు పోవడం లేదు. తీరిక ఉండటం లేదు.

మీ నాయనకు నా నమస్కారాలు.

శ్రీలత


ఆళ్లగడ్డ,
11 జనవరి 1997

శ్రీలతా,

నీ కార్డుల్లో ఈ మధ్య నువ్వు ఉండటం లేదు. పాప బాగుంది, అత్తకు నొప్పులు, నమస్కారాలు. ఇది నువ్వేనా?

మా గోడ సంగతి చెబితేనైనా నవ్వుతావేమో. హాలువాళ్లు కొత్త సౌండు బాక్సులు పెట్టించారు. ఫైటింగ్ వస్తే మా అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. ఇప్పుడు ఆడుతున్న సినిమాలో ఒక తల్లి సంగీతం ఉంది. తల్లిదని ఎలా తెలుసంటావేమో, జోలలా మొదలై మధ్యలో తెగుతుంది కనుక. ప్రతిసారీ అదే చోట తెగుతుంది. చివర్లో ఒక్కసారి మాత్రం తెగకుండా పూర్తవుతుంది. నాకు ఒళ్లు జలదరించింది. నందినిని ఒళ్లో పెట్టుకుని ఆ సినిమా చూడవే. పిల్లలకు అలాంటి రాగాలు బాగా పట్టుబడతాయి. మా ఒకటో తరగతి వాళ్లయితే రెండుసార్లు వింటే చాలు, పాడేస్తారు. నందిని ఏం పాటలు పాడుతోంది? మూడేళ్లు నిండుతున్నాయి కదా, నోరు ఊరుకోదే!

లూదియా


నంద్యాల,
23 జనవరి 1997

లూదియా,

నందిని ఏ పాటలూ పాడదు. నందినికి చెవులు వినపడవు.

నీకు చెప్పకూడదని కాదు. ఎవరికి చెబుతున్నా అది ఇంకా నిజమైపోతున్నట్టు ఉండేది. ఏడాదిన్నర పిల్లప్పుడు వంటింట్లో పెద్ద సత్తు గిన్నె జారి నేల మీద పడింది. నేను ఉలిక్కిపడ్డాను. పాప నా వెనక కూర్చుని బియ్యం గింజలు ఏరుకుంటోంది. తల ఎత్తలేదు. ఆ పొద్దు నుంచి నాకు తెలుసు. ఇక్కడ ఒక డాక్టరు పాప వెనక నిలబడి చప్పట్లు కొట్టి, ఈల వేసి, గంట మోగించి, "పుట్టుకతోనే లేదమ్మా. మాటలు కూడా రావు. అలవాటు పడండి" అన్నాడు. అలవాటు పడటమంటే ఏమిటో చెప్పలేదు.

అత్త మహానందిలో మొక్కుకుంది. మహేశ్వర్ ఏమో, పాప కాస్త పెద్దదైతే దూరాన ఏదో హాస్టలు బడిలో వేయాలంటున్నాడు. నాకు సినిమా హాలు ముందు నుంచి నడవడం కూడా ఇష్టం లేకుండా పోయింది. నీ ఉత్తరంలో ఆ తల్లి సంగీతం గురించి చదివి, చించి పొయ్యిలో వేశాను. కోపం నీ మీద కాదు. కానీ ఒక్కటి అడుగుతాను. ఇక మీదట నాకు సంగీతం గురించి రాయకు.

శ్రీలత


ఆళ్లగడ్డ,
27 జనవరి 1997

శ్రీలతా,

రాయను.

నీ ఉత్తరం చదివి నాయన ముందు పెట్టాను. ఆయన చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ చదివాడు. "ఆ బిడ్డను ఒకసారి తోలుకొని రమ్మని రాయి. ఊరికే. సూసిపోనీకి" అన్నాడు.

నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు. నేను ఏమీ అడగను.

లూదియా


ఆళ్లగడ్డ,
6 మే 1998

శ్రీలతా,

మొన్న నువ్వు డీఎస్సీ పరీక్ష కోసం కర్నూలు పోయే ముందు నందినిని మా దగ్గర వదిలినప్పుడు, నీ మొహంలో భయం చూసి నేను ధైర్యం చెప్పాను కానీ నాకూ భయమే. పిల్ల మాత్రం నువ్వు కనుమరుగయ్యేదాకా ఏడ్చి, తర్వాత మా నాయన మీసం పట్టుకుని ఊరుకుంది.

ఆమెను తీసుకుపోవడానికి మహేశ్వర్ గారు వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పబోయాను. వినలేదు. అందుకే రాస్తున్నాను. సంగీతం గురించి రాయొద్దని నువ్వు అన్న మాట ఇన్నాళ్లూ దాటలేదు. ఇప్పుడు దాటుతున్నాను.

మొదటి మధ్యాహ్నం ఆట మొదలైంది. నందిని మంచం మీద గ్లాసుతో ఆడుకుంటోంది. కాసేపటికి అవతల ఫైటింగ్ డప్పులు వచ్చాయి. పిల్ల గ్లాసు వదిలేసింది. మంచం దిగి నేరుగా గోడ దగ్గరికి పోయి, రెండు చేతులూ పొట్టా గోడకు ఆనించి నిలబడింది. డప్పులు ఆగితే వెనక్కి తిరిగి నా వైపు చూసింది, నేనే ఆపానన్నట్టు. నాయన చూసి, "గోడ అదురుతాంది గదా, బిడ్డకు తెలుస్తాంది" అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను.

మర్నాడు నాయన ఆమెను భుజాన వేసుకుని పెరట్లో నిద్రపుచ్చుతున్నాడు. గోడకు చాలా దూరం, బావి దగ్గర. డప్పులు మొదలయ్యాయి. నందిని భుజం మీంచి తల ఎత్తింది.

"నాయనా, నువ్వు కదిలినావా?"

"నేను యాడ కదిలినామే! రాయి మాదిరి నిలబడి ఉండా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ తర్వాత మా నాయనను నువ్వు చూసి ఉండాల్సింది. సినిమా అంటే పాపమనే మనిషి పిల్లను ఎత్తుకుని బావి దగ్గర నిలబడి, "ఫైటింగ్ మళ్లా ఎప్పుడొస్తాదిమే? నీకు తెలుసు గదా!" అని నన్ను తొందరపెడుతున్నాడు. నాకు తెలుసు. రెండో పాట అయ్యాక కాస్త వీణ, తర్వాత నిశ్శబ్దం, తర్వాత పెద్ద డప్పులు. వీణకు పిల్ల కదల్లేదు. డప్పులకు తల తిప్పింది. మర్నాడూ అంతే.

అప్పుడు మా ప్రార్థన గుడికి తీసుకుపోయాం. బొంత మీద బొంత వేసి, దాని మీద కూర్చోబెట్టాం, నేల అదురు తగలకుండా. నాయన ఎదురుగా బొమ్మ పట్టుకుని ఆడిస్తున్నాడు. నేను వెనక దూరంగా నిలబడి తంబురీను మోగించాను. లేదు. హార్మోనియం పై మెట్లు వాయించాను. లేదు. అట్టడుగు మెట్లు రెండు కలిపి గట్టిగా పట్టాను. ఆడటం ఆపింది. డోలు మీద కొట్టాను. వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది శ్రీలతా.

మహేశ్వర్ గారితో చెబితే, "అదురు తగిలింటాది లేమ్మా. డాక్టరే చెప్పినాడు గదా" అన్నాడు. ఆ డాక్టరు ఈల వేశాడు, గంట కొట్టాడు, చప్పట్లు కొట్టాడు. అన్నీ సన్నని శబ్దాలే. బరువైన శబ్దం ఒక్కటీ చేసి చూడలేదు. నాకు వైద్యం తెలియదు. కానీ పాపకు బొత్తిగా వినపడదన్న మాట నేను నమ్మను.

లూదియా


నంద్యాల,
12 మే 1998

లూదియా,

నువ్వు మంచి మనసుతోనే రాశావు. కానీ ఇలా రాయడం ఎంత సులువో నీకు తెలియదు. నువ్వు పిల్లతో ఉన్నది నాలుగు పొద్దులు. నేను రోజూ ఉంటున్నాను. ఆమె వెనక నిలబడి ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచానో, ఎన్నిసార్లు ఆమె తిరిగిందని అనుకుని తిరగలేదని తెలుసుకున్నానో నీకెవరు చెబుతారు? మొదట్లో నేనూ ఇలాగే అనుకునేదాన్ని. గాలికి తల తిప్పినా విన్నదనుకునేదాన్ని. ఆ ఆశ నుంచి బయటపడటానికి నాకు ఏడాది పట్టింది. మళ్లీ అందులోకి నన్ను తోయకు.

నీకు సంగీతం పిచ్చి. నీకు అన్నిట్లోనూ అదే వినపడుతుంది. నా బిడ్డకు వినపడదు.

శ్రీలత


ఆళ్లగడ్డ,
15 మే 1998

శ్రీలతా,

తిట్టు. పడతాను.

కానీ నువ్వు పిలిచిన గొంతు సన్ననిది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బరువైన శబ్దం చేసి చూడు. కింద బొంత వెయ్యి. గాలి తగలనంత దూరం నిలబడు. తిరగకపోతే నేను ఈ మాట ఇక ఎత్తను. తిరిగితే మాత్రం కర్నూలులో మిషను పెట్టి చెవులు పరీక్ష చేస్తారట, నాయన కనుక్కున్నాడు. ఆయన నీతో వస్తానంటున్నాడు.

లూదియా


నంద్యాల,
19 మే 1998

లూదియా,

తిరిగింది.

నేను కొట్టలేదు. నీ ఉత్తరం మడిచి గూట్లో పెట్టేశాను. అత్త చూసింది. "ఏం రాసిందిమే ఆ పిల్ల?" అంటే చదివి వినిపించాను. మహేశ్వర్ అక్కడే ఉన్నాడు. "ఎందుకుమా మళ్లా ఇవన్నీ" అన్నాడు. అత్త లేచింది. "కొట్టి చూడనీకి దుడ్లేమన్నా కావాల్నా?" అని మోకాళ్లు పట్టుకుంటూ పోయి, పెళ్లిళ్లకు నీళ్లు కాచే పెద్ద గంగాళం బోర్లించింది. నందినిని అటు తిప్పి పరుపు మీద కూర్చోబెట్టాం. అత్త రోకలికి గుడ్డ చుట్టి కొట్టింది.

పాప తిరిగింది. మహేశ్వర్ ఊరికే తిరిగిందన్నాడు. అత్త కాసేపు ఆగి మళ్లీ కొట్టింది. మళ్లీ తిరిగింది. మూడోసారి రోకలి మహేశ్వర్ లాక్కుని తనే కొట్టాడు. నందిని లేచి వచ్చి గంగాళం మీద చెయ్యి పెట్టి, ఇంకా అన్నట్టు ఆయన వంక చూసింది. ఆయన కొడుతూనే ఉన్నాడు. పక్కింటివాళ్లు ఏం జరిగిందోనని వచ్చారు. ఆయన ఏడుస్తున్నాడు లూదియా, నేను ఆయన ఏడవడం ఎప్పుడూ చూడలేదు.

సోమవారం కర్నూలు పోతున్నాం. మీ నాయనను రమ్మని చెప్పు. ముందటి ఉత్తరంలో నేను రాసినవి...

రమ్మని చెప్పు.

శ్రీలత


నంద్యాల,
30 నవంబరు 1998

లూదియా,

కర్నూలులో డాక్టరమ్మ చెప్పినదంతా మీ నాయన అప్పుడే నీకు చెప్పే ఉంటాడు. వినికిడి చాలా తక్కువ. బరువైన శబ్దాలు కొన్ని అందుతాయి, మాటలు అందవు. చెవులకు మిషను పెట్టి, రోజూ నేర్పితే మాటలు రావచ్చు. రావచ్చు అంది, వస్తాయనలేదు. ఆలస్యమైంది అని కూడా అంది. అయినా నాకు ఆ "రావచ్చు" చాలు.

మిషను అగ్గిపెట్టెకు అన్నలా ఉంది. గౌనుకు గుండె దగ్గర జేబు కుట్టి అందులో పెట్టాను, తీగలు చెవులకు పోతాయి. మొదటి వారం నరకం. పీకేస్తుంది, విసిరేస్తుంది. ఒకసారి నీళ్ల తొట్టిలో వేసింది, అదృష్టం బాగుండి తొట్టి ఖాళీ. వీధిలో పిల్లలు "రేడియో పాప" అంటున్నారు. అత్త కట్టె పట్టుకుని వాళ్ల వెంటపడుతోంది, మోకాళ్ల నొప్పులు అప్పుడు మాత్రం ఉండవు.

ఇప్పుడు పెట్టుకుంటోంది, కానీ నేను "అమ్మ" అని ఎంత చెప్పినా నా పెదాల వంక చూసి ఊరుకుంటుంది. ఆర్నెల్లు. ఒక్క మాట లేదు. డీఎస్సీ కూడా పోయింది. నిన్న నాకు బాగా నీరసం వచ్చింది. ఏం చేయమంటావు?

శ్రీలత


ఆళ్లగడ్డ,
8 డిసెంబరు 1998

శ్రీలతా,

నేను టీచరునే కానీ ఇది నాకు కూడా కొత్తే. అయినా ఒకటి అనిపిస్తోంది. ఆమెకు అందేది ఎక్కడుందో అక్కడినుంచి మొదలుపెట్టు. "అమ్మ" తర్వాత. గంగాళం ముందు. నువ్వు కొట్టి "డుం" అను. ఆమె చేతిని నీ గొంతు మీద పెట్టుకుని అను. తర్వాత ఆమెతో కొట్టించు. ఫైటింగ్ సంగీతం లాగా అనుకో, మెల్లగా మొదలై పెరగాలి, ఒకచోట ఠక్కున ఆగాలి. ఆగిన చోట పిల్లలు ఊరుకోలేరు, నా ఒకటో తరగతి సాక్షి. అక్కడ ఆమెకు ఏదో ఒకటి అనాలనిపిస్తుంది.

క్రిస్మస్ సెలవులకు ఆమెను తీసుకుని రా. నాయన గుడి డోలుకు కొత్త చర్మం వేయించాడు. ఎవరికోసమని అడిగితే, "సంఘానికి" అంటాడు, నవ్వు దాచుకుంటూ.

ఇంకో వార్త. నన్ను చూడ్డానికి వెలుగోడు నుంచి వచ్చారు. పేరు ఫిలిప్, ఆసుపత్రిలో మందులు ఇస్తాడు. "పాటలంటే ఇష్టమేనా?" అని అడిగాడు. "పాటల కంటే పాటల నడుమ వచ్చేవి ఇష్టం" అన్నాను. ఏమనుకున్నాడో, పోయేటప్పుడు వీధి మలుపు దాకా ఈల వేసుకుంటూ పోయాడట. ఏదో సినిమా టైటిల్స్ సంగీతమట. చెప్పింది నాయనే. "ఈడు గూడా అదే బాపతే" అన్నాడు, సరేనన్నట్టే.

లూదియా


నంద్యాల,
16 ఏప్రిల్ 1999

లూదియా,

నీ పెళ్లికి మేం వచ్చినప్పుడు పందిట్లో బ్యాండు మేళం పెద్ద డ్రమ్ము దగ్గరే నందిని కూర్చుంది, నువ్వు చూశావు. నువ్వు చూడనిది చెబుతాను.

నిన్న మీ పెళ్లి ఫోటోలు వచ్చాయి. అందరినీ చూపిస్తున్నాను. నీ బొమ్మ దగ్గర వేలు పెట్టి, నా గొంతు మీద చెయ్యి వేసి, తన గొంతుతో, "డుం" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. గంగాళం కోసం చూస్తోందనుకున్నాను. మళ్లీ నీ బొమ్మ మీద వేలు పెట్టి, "డుం" అంది. మహేశ్వర్ బొమ్మ చూపించాను, ఏమీ అనలేదు. మీ నాయన బొమ్మ చూపిస్తే మీసం తిప్పింది. మళ్లీ నువ్వు. "డుం."

నువ్వు పేరు పెట్టుకున్నావు చూడు, లూదియా అని, మా ఇంట్లో ఇక అది చెల్లదు. నా కూతురు నోటి మొదటి మాట నువ్వు. నాకు అసూయగా ఉంది, చెప్పకపోతే అబద్ధమవుతుంది. అత్త అంటుంది: "ముందు డుం రానీ మే, అమ్మ యాడికి పోతాది?"

శ్రీలత


నంద్యాల,
3 సెప్టెంబరు 2001

లూదియా,

ఫిలిప్ అన్నకు మళ్లీ వెలుగోడుకే బదిలీ అయినా, మీరు అక్కడికి మారకుండా ఆళ్లగడ్డలోనే ఉంటున్నారని తెలిసి సంతోషం. మీ నాయనను ఒంటరిగా వదలవని నాకు తెలుసు.

ఇక్కడ నందిని రెండో తరగతి. మొదట రెండు బడులు చేర్చుకోలేమన్నాయని నీకు రాశాను కదా. ఇప్పటి బడిలో దెబోరా టీచరు ముందు బెంచీలో కూర్చోబెట్టి, బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేసింది. పాప మాటలు మాకు అర్థమవుతాయి, బయటివాళ్లకు సగం అర్థమవుతాయి. 'స' పలకదు. పొద్దున ఒక మాట వస్తే మాపటికి పోయేది కూడా ఉంటుంది. అయినా చాలు. అమ్మ అంటుంది. అమ్మతో పోట్లాడుతుంది కూడా.

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఆటకు సినిమాకు పోయాం. నేను హాల్లో అడుగు పెట్టి ఎన్నేళ్లయిందో. మహేశ్వర్ టికెట్లు తెచ్చేశాడు, నన్ను అడగకుండా. పిల్ల మిషను వేసుకుని అంత శబ్దంలో బెదిరిపోతే? తెర మీద మాట అర్థంకాక ఏడిస్తే?

మొదట్లో బెదిరింది. చెవుల మీద చేతులు పెట్టుకుంది. మహేశ్వర్ మిషను సౌండు తగ్గించాడు. తర్వాత మొదటి పాట. పిల్ల ఆ రంగులు చూస్తూ ఆవులించింది. నా మనసు చిన్నబోయింది. ఇంటికి పోదామా అని సైగ చేశాను. వద్దంది.

ఇంటర్వెల్ అయ్యాక ఒక చోటు వచ్చింది. ఇంట్లో ఆడమనిషి ఒక్కతే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఎవరూ లేరు. మాట లేదు. హాలంతా గోల గోలగా ఉంది, నా వెనక ఎవరో సోడా తాగుతున్నారు. నందిని ఉన్నట్టుండి నిటారుగా కూర్చుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు నాకూ వినపడింది. అడుగున ఎక్కడో, చాలా మెల్లగా, పెద్ద డ్రమ్ము. నువ్వైతే మొదటి దెబ్బకే పట్టుకునేదానివి. నేను అంతవరకూ గమనించనేలేదు.

నందిని నా వైపు తిరిగి, హాలంతా వినపడేంత గట్టిగా, "ఎవరో వత్తాండారు" అంది.

ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. తెర మీద ఆ ఆడమనిషి ఇంకా బట్టలు మడతపెడుతూనే ఉంది. తలుపు వేసే ఉంది. మహేశ్వర్ ఆమె మొహం తన వైపు తిప్పుకుని, పెదాలు కనపడేలా అడిగాడు.

"యెవురమ్మా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. చెయ్యి గుండె దగ్గర మిషను మీద ఉంది. తల అడ్డంగా ఊపింది.

"తెల్దు. మంచోడు కాదు."

ఆ మాటకు తలుపు తెరుచుకుంది.

వాడు మంచోడు కాదే లూదియా. నిజంగానే కాదు. చేతిలో ఇంత కత్తి! హాలంతా ఈలలు వేస్తోంటే, వాణ్ణి చూసి అంత సంతోషపడి ఏడ్చినదాన్ని ఆ హాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నీ
శ్రీలత